‘మాయాబజార్’లో కాంతి, కటకం, కథ

హైదరాబాదులోని అఫ్జల్‌గంజ్ వద్ద నయాపూల్ వంతెనపై సాయంకాలం నిలిచి పడమటి దిక్కు చూచినవారికి కుడిచేతివైపు ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలు, ఎడమచేతివైపు మూసీ దక్షిణపు గట్టున హైకోర్టు గుమ్మటాలు కనబడతాయి. ఆ రెండింటి నడుమ సూర్యుడు అస్తమిస్తూ ఉంటాడు. చలనచిత్రాలు తీయవలెనని కోరిక గల ఒక విద్యార్థి ఆ దృశ్యాన్ని తన సెల్‌ఫోనుతో తీసినాడనుకొందాము. అతని కంటికి ఆకాశపు ఎరుపు, గుమ్మటాలపై నగిషీ రెండూ తెలిసినవి. తీసిన చిత్రంలో మాత్రం ఆకాశం చక్కగా వచ్చినది గాని గుమ్మటాలు మసిముద్దలైనవి. “ఇంతకంటె ఖరీదైన ఫోను కొనవలెను” అని అతడు నిశ్చయించుకొంటాడు.

ఈ నిశ్చయం తొందరపాటు. దోషం యంత్రానిది కాదు. కన్ను దృశ్యాన్నంతటినీ ఒకేసారి చూడదు. అది వెలుగున్న చోటి నుండి నీడ ఉన్న చోటికి క్షణక్షణం తిరుగుతూ, ప్రతిచోటా తన్ను తాను సర్దుకొంటూ ఉంటుంది. ఈ ముక్కలను కలిపి ఒక చిత్రంగా కూర్చేది మెదడు. కెమెరా అట్లు కాదు. దాని కటకం గుండా వచ్చిన కాంతి ఒకే మోతాదులో ఫలకంపై పడుతుంది. ఆకాశానికి సరిపడు మోతాదు గుమ్మటానికి చాలదు; గుమ్మటానికి చాలినది ఆకాశానికి ఎక్కువ అవుతుంది. నేటి ఫోనులు వేర్వేరు మోతాదులలో పలు చిత్రాలు తీసి వాటిని కలిపి ఈ చిక్కును తప్పించజూస్తాయి. ఐతే అప్పుడు ఏది వెలుగులో ఉండవలెనో, ఏది నీడలో ఉండవలెనో నిర్ణయించేది యంత్రమే గాని తీయువాడు కాదు.

ఏది కనబడవలెను, ఏది కనబడగూడదు, ఎవరికి కనబడవలెను అనే నిర్ణయమే దృశ్యకథనానికి పునాది. పరికరాలు ఆ నిర్ణయాన్ని అమలుజరిపే పనివాండ్రు మాత్రమే. ఈ సంగతిని తెలుగు విద్యార్థికి బోధించగల పాఠ్యపుస్తకం ఒకటి తెలుగులోనే ఉన్నది. అది 1957 మార్చి 27న విడుదలైన ‘మాయాబజార్’ చిత్రం.

అందరూ ఎరిగిన చిత్రం

విజయా సంస్థ పక్షాన నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించిన ఈ చిత్రానికి దర్శకుడు కె.వి.రెడ్డి. రచన పింగళి నాగేంద్రరావుది. ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్లీది. కళాదర్శకత్వం గోఖలే, కళాధర్‌లది. కృష్ణుడుగా ఎన్.టి.రామారావు, అభిమన్యుడుగా అక్కినేని నాగేశ్వరరావు, శశిరేఖగా సావిత్రి, ఘటోత్కచుడుగా ఎస్.వి.రంగారావు నటించినారు. కథ తెలియనివారు అరుదు. బలరాముని కుమార్తె శశిరేఖను సుభద్ర కొడుకు అభిమన్యునికి ఇచ్చెదమని పెద్దలు మాట ఇచ్చినారు. పాండవులు జూదంలో రాజ్యం పోగొట్టుకోగానే ఆ మాట తప్పి దుర్యోధనుని కొడుకు లక్ష్మణకుమారునితో సంబంధం నిశ్చయించినారు. కృష్ణుని ప్రోద్బలంతో ఘటోత్కచుడు శశిరేఖను తరలించి, తానే ఆమె రూపు దాల్చి, ఆ పెండ్లిని నవ్వులపాలు చేసినాడు.

ఇదే కథ 1936లోనూ తెలుగు చిత్రంగా వచ్చినది. కావున 1957 నాటి చిత్రం గొప్పతనం కథ కొత్తదగుటలో లేదు. చిత్రంలో కెమెరా చేసిన ఇంద్రజాలం విస్తారంగా ఉన్న మాట నిజమే. కాని ఆ ఇంద్రజాలమంతా సమానమైనది కాదు. కొన్ని చోట్ల అది కథను నడిపినది. కొన్ని చోట్ల కథ ఆగి నిలుచుండగా అది ఆటలాడినది. ఈ తారతమ్యం గ్రహించడమే చిత్రకారుడు కాగోరే విద్యార్థికి మొదటి అభ్యాసం.

వెన్నెలను తయారుచేయడం

చిత్రంలోని పడవ పాట బార్ట్లీ వెన్నెలకు పేరుపొందినది. ఆ పాటలో చాలాభాగం స్టూడియో దీపాల క్రింద తీసినదే. నిజమైన వెన్నెలలో ఎందుకు తీయలేదని విద్యార్థులు అడుగవచ్చును. నడిమధ్యాహ్నపు ఎండ వెలుగు సుమారు 1,00,000 లక్సులు. నిండు పున్నమి వెన్నెల ఒక లక్సులో నాలుగవ వంతు మించదు. అనగా ఎండ వెన్నెలకంటె సుమారు నాలుగు లక్షల రెట్లు ప్రకాశవంతమైనది. ఆ కాలపు ఫిల్ముకు వెన్నెల దాదాపు చీకటితో సమానం.

పోనీ, ఎక్కువసేపు కాంతిని లోనికి రానిచ్చి వెన్నెలలోనే ఒక నిశ్చలచిత్రం తీసినామనుకొందాము. అప్పుడు మరొక విచిత్రం జరుగుతుంది. చంద్రబింబం, సూర్యబింబం రెండూ మన కంటికి సుమారు అర డిగ్రీ వెడల్పుతోనే కనబడతాయి. కావున రెండింటి వలన పడే నీడలు ఒకే విధంగా పదునుగా ఉంటాయి. పైగా వెన్నెల అనేది చంద్రునిపై పడి తిరిగి వచ్చిన ఎండయే. కాబట్టి ఆ చిత్రం అచ్చముగా పట్టపగటి చిత్రం వలెనే ఉంటుంది. నిజమైన వెన్నెలను నిజంగా చిత్రిస్తే అది వెన్నెలగా తోచదన్నమాట.

మరి వెన్నెల అని మనకు తోచేది ఏది? కన్ను వెన్నెలను చూచే తీరే అందుకు ఆధారం. మసక వెలుగులో రంగులను గుర్తించే శంకు కణాలు సరిగా పనిచేయవు. అప్పుడు చూపు భారమంతా దండ కణాలపై పడుతుంది. వాటికి వెలుగునీడలే గాని రంగులు తెలియవు. అందుచేత రాత్రి దృశ్యంలో ఎక్కువ భాగం నల్లగాను, నీటి తళుకు, ముఖపు అంచు, చీర కొంగు వంటి కొన్ని రేఖలు మాత్రమే తెల్లగాను తోస్తాయి. పడవ పాటలో వెలుగు పరచిన తీరు దీనినే అనుసరించినది. నీటిపై అలల తళుకు ఉంటుంది. మనుష్యుల ఆకారాలకు వెలుగు అంచు ఉంటుంది. తక్కినది నీడలో ఉండిపోతుంది. బార్ట్లీ చంద్రుని అనుకరించలేదు. చంద్రకాంతిలో మనిషి కన్ను పడే అవస్థను అనుకరించినారు. ప్రకృతిని నకలు తీయడం వేరు, ప్రకృతి మనకు తోచే విధాన్ని తెరకు ఎక్కించడం వేరు.

ఈ నైపుణ్యం అందానికే వినియోగమై ఉంటే ఆ పాట ఒక మంచి చిత్తరువుగా మిగిలిపోయేది. కాని ఆ వెన్నెలలో పడవ మీద మూడు జంటలు విహరిస్తాయి. మొదట అభిమన్యుడు, శశిరేఖ. తరువాత కృష్ణుడు, రుక్మిణి. ఆపైన బలరాముడు, రేవతి. పిల్లల ప్రేమ బలరాముని కంటబడకుండా కృష్ణుడు కాచుకొంటున్నాడు. వెన్నెల ప్రేమికులను ప్రేక్షకునికి చూపుతున్నది. నీడ వారిని పెద్దల నుండి దాస్తున్నది. రానున్న తగవు మొత్తం ఒక్క మాట లేకుండా ఆ వెలుగునీడలలోనే సూచితమైనది. ఇచట కాంతి అలంకారం కాదు, కథలో ఒక పాత్ర.

పేటికలో కనబడిన మనస్సులు

చిత్రంలోని యుక్తులన్నింటిలో విలువైనది ప్రియదర్శిని. శశిరేఖకు కానుకగా వచ్చిన ఆ పేటికను ఎవరు తెరిస్తే వారికి ప్రియమైనది అందులో కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు కనబడినాడు. బలరామునికి శిష్యుడు దుర్యోధనుడు, రేవతికి నగలు కనబడినవి. కృష్ణుడు చూడగా శకుని ప్రత్యక్షమైనాడు.

సాంకేతికంగా ఇది పెద్ద పని కాదు. ఒక బొమ్మలోని ఖాళీ స్థలంలో వేరొక బొమ్మను అమర్చడం చలనచిత్రం పుట్టిన తొలి సంవత్సరాల నుండి తెలిసిన విద్యయే. కాని కథకు అది చేసిన సేవ చూడండి. బలరాముడు మాట తప్పబోతున్నాడని, రేవతి సిరికి లొంగబోతున్నదని, కృష్ణుని తలపు శకుని ఎత్తుల చుట్టూ తిరుగుచున్నదని నాలుగు బొమ్మలలో తేటపడినది. ఇదే సంగతి సంభాషణల ద్వారా చెప్పవలసి వస్తే ఎంత సేపు పట్టి ఉండేది!

ఇక్కడ రష్యా దర్శకుడు లెవ్ కులెషోవ్ చేసిన ప్రయోగం జ్ఞప్తికి వస్తుంది. 1920 ప్రాంతంలో ఆయన ఒక నటుని భావరహితమైన ముఖాన్ని తీసికొని, ఆ ముక్కనే ఒకసారి సూపు గిన్నె ప్రక్కన, మరొకసారి శవపేటిక ప్రక్కన అతికించినాడు. చూచినవారు ఆ ముఖంలో ఒకసారి ఆకలిని, మరొకసారి దుఃఖాన్ని చదువుకొన్నారని చెబుతారు. ముఖం మారలేదు, ప్రక్కబొమ్మ మారినది, అర్థం మారినది. కులెషోవ్ ఒకే ముఖాన్ని వేర్వేరు వస్తువులతో జతచేసినాడు. కె.వి.రెడ్డి ఒకే పేటికను వేర్వేరు ముఖాలతో జతచేసినారు. రెండు చోట్లా అర్థం ఏ ఒక్క బొమ్మలోనూ లేదు. రెండు బొమ్మల నడుమ ఉన్నది. దానిని పూరించేది ప్రేక్షకుని మెదడు.

చలనం విషయంలోనూ మెదడు పాత్ర ఇట్టిదే. సెకనుకు 24 నిశ్చలచిత్రాలు చూపగా కదలిక కనబడడానికి, కంటిపై బొమ్మ కాసేపు నిలిచిపోవుటయే కారణమని పాత పుస్తకాలలో వ్రాసేవారు. ఆ వివరణ చాలదని తరువాతి పరిశోధనలు తేల్చినవి. స్వల్పభేదం గల బొమ్మలు వెంటవెంటనే వస్తే వాటి మధ్య కదలికను మెదడే ఊహించి కల్పిస్తున్నది. ఉపాధ్యాయులు ఈ భేదాన్ని తరగతిలో చెప్పడం మంచిది. ప్రేక్షకుడు బొమ్మలను పుచ్చుకొనే పాత్ర కాడు, కూర్చే పనివాడు అన్న సంగతి అప్పుడు విద్యార్థికి తెలిసివస్తుంది.

ప్రియదర్శినికి ప్రతిగా చిత్రం చివర సత్యపీఠం ఉన్నది. దానిపై నిలిచినవారు మనసులోని మాట దాచలేరు. శకుని దానిమీదనే తన కుట్రను వెళ్ళగ్రక్కినాడు. మొదట పేటిక మనసులను బొమ్మగా చూపినది. తుదకు పీఠం మనసును మాటగా పలికించినది. ఈ రెండు మాయల నడుమ కథ బిగువుగా కట్టబడినది.

మూడు చిన్న యుక్తులు

వివాహ భోజనం పాటలో ఘటోత్కచుని నోటిలోనికి లడ్డూలు వాటంతట అవే ప్రయాణం చేస్తాయి. ఇటువంటి దృశ్యాలు తీయడానికి ప్రాథమికమైన మార్గాలు మూడు. కెమెరాను ఆపి, వస్తువును మార్చి, మరల నడపడం ఒకటి. దీనిని 1896లోనే ఫ్రాన్సు దేశపు ఐంద్రజాలికుడు జార్జ్ మెలియెస్ వాడుకొన్నాడు. తీసిన ఫిల్మును వెనుక నుండి ముందుకు నడపడం రెండవది. నోటి నుండి బయటకు లాగిన లడ్డూ అప్పుడు నోటిలోనికి వస్తుంది. కంటికి ఆనని సన్నదారంతో వస్తువును కదల్చడం మూడవది. మూడింటినీ నేటి విద్యార్థి ఒక బల్ల, ఒక ఫోను, కొన్ని లడ్డూలతో ఇంటిలోనే పరీక్షించవచ్చును. ఏ షాటుకు ఏ పద్ధతి సరిపడునో ఊహించి, తీసి, సరిచూచుకొనడం మంచి ప్రయోగపాఠం.

నమూనా భవనాలతో నగరాలను చూపడం మరొక విద్య. ద్వారకను చూపడానికి అటువంటి నమూనానే వాడినారు. ఇందులో ఒక భౌతికశాస్త్ర సూత్రం ఇమిడి ఉన్నది. 16 అడుగుల ఎత్తు నుండి పడిన రాయి నేల చేరడానికి ఒక సెకను పడుతుంది. ఆ ఎత్తును 16వ వంతు చేసి ఒక అడుగు నమూనా కడితే రాయి పావు సెకనులోనే పడిపోతుంది. చూచేవాడు అది బొమ్మ అని వెంటనే పసిగట్టును. దానిని నాలుగు రెట్లు నిదానం చేయవలెను. కావున సెకనుకు 24కు బదులు 96 చిత్రాలు తీసి, 24 చొప్పున చూపవలెను. నిదానం చేయవలసిన రెట్లు నమూనా తగ్గింపునకు వర్గమూలం అగుచున్నది. కదలని భవనాలకు ఈ చిక్కు లేదు. నీరు, పొగ, కూలే గోడలు మాత్రం నమూనాల గుట్టు బయటపెడతాయి.

ఐతే ఈ చిత్రంలోని పెద్ద మాయకు కెమెరా సాయం బహుస్వల్పం. ఘటోత్కచుడు శశిరేఖగా మారిన తరువాత తెరపై ఉన్నది సావిత్రియే. అదే ముఖం, అవే నగలు. కాని నడకలో మగతనం, చూపులో రాక్షసత్వం, అంతలో ఎవరో వచ్చినారని తెలిసి ఒదిగిపోవడం, ఇవన్నీ నటనలోనే ఉన్నవి. పెండ్లిపీటల వద్ద లక్ష్మణకుమారునికి వధువు స్థానంలో భయంకర రూపాలు కనబడతాయి. తక్కిన సభకు వధువే కనబడుతుంది. కెమెరా మనలను అతని కండ్లతో ఒకసారి, సభ కండ్లతో మరొకసారి చూడనిస్తుంది. నవ్వు పుట్టినది ఆ రెండు చూపుల మధ్య భేదం వలన. రహస్యం ప్రేక్షకునికి తెలుసు, పాత్రలకు తెలియదు. ప్రేక్షకుని తన కుట్రలో భాగస్వామిని చేసికొనడమే ఈ చిత్రపు అసలు యుక్తి.

చూపని పాత్రలు

కథకు మూలకారణమైన పాండవులు ఈ చిత్రంలో ఎచటా కనబడరు. వారి ఓటమి, ద్రౌపది పరాభవం హస్తినాపురంలో జరుగగా ప్రేక్షకుడు వాటిని ద్వారకలోని కృష్ణుని ద్వారానే తెలిసికొంటాడు. భారతం ఎరిగిన తెలుగు ప్రేక్షకునికి ఆ సభను మరల చూపనక్కరలేదని దర్శకుడు నమ్మినాడు. ఆ సభను తెరపై పెట్టి ఉంటే చిత్రం పాండవుల కథ అయ్యేది. పెట్టనందువలన అది ఒక పెండ్లి కథగానే నిలిచినది. ఉన్న పరికరాన్నంతా వాడి చూపగలిగినదంతా చూపే ఉబలాటం గల నేటి యువకులు ఈ సంయమనాన్ని ముఖ్యంగా గమనింపదగును.

లోపాలు

చిత్రాన్ని పొగడడంతో విమర్శ తీరదు. అభిమన్యునికి, ఘటోత్కచునికి అడవిలో జరిగిన పోరు యుక్తుల ప్రదర్శనయే. బాణాలు ఆకాశంలో ఢీకొంటాయి, మెరుపులు మెరుస్తాయి. కాని ఎవరి మనసూ మనకు క్రొత్తగా తెలియదు. ప్రియదర్శినిలో నాలుగు బొమ్మలు చేసిన పనిని ఇచట నలుబది బొమ్మలు చేయలేకపోయినవి. ఈనాడు ఆ దృశ్యం పాతబడినట్లు తోచుటకు కారణం సాంకేతిక వెనుకబాటు మాత్రమే కాదు. సాంకేతికంగా అంతే పాతదైన ప్రియదర్శిని పాతబడలేదు గదా!

రెండవది, చాలా దృశ్యాలలో కెమెరా రంగస్థలం ఎదుట మొదటి వరుసలో కూర్చున్న ప్రేక్షకుని వలె నిలిచి ఉంటుంది. పాత్రలు వరుసగా నిలిచి మనవైపు తిరిగి మాట్లాడతాయి. పద్యనాటకం నుండి వచ్చిన అలవాటు ఇది. నటులు సమర్థులు గనుక ఆ లోపం కప్పబడినది. అంతటి నటులు లేని విద్యార్థి ఆ పద్ధతిని అనుకరిస్తే దృశ్యం నిర్జీవమగును.

రంగులు అద్దిన తరువాత

2010లో హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ ఈ చిత్రానికి రంగులు అద్ది, శబ్దాన్ని సరిదిద్ది విడుదల చేసినది. నలుపు తెలుపు చిత్రమంటే ముఖం త్రిప్పుకొనే తరాన్ని థియేటరుకు రప్పించిన మేలు ఆ ప్రయత్నానికి దక్కవలెను. ఐనా శాస్త్రదృష్టితో ఒక ప్రశ్న వేయక తప్పదు. ఎరుపు చీర, ఆకుపచ్చ చీర నలుపు తెలుపు చిత్రంలో ఒకే బూడిద ఛాయగా రావచ్చును. ఆ ఛాయ నుండి అసలు రంగును రాబట్టే గణితం లేదు. కావున అద్దిన ప్రతి రంగూ ఊహయే గాని పునరుద్ధరణ కాదు.

పడవ పాటలో ఈ చిక్కు మరీ ఎక్కువ. వెన్నెలలో కంటికి రంగులు దాదాపుగా తెలియవని పైన చూచినాము. అంటే ఆ పాట నలుపు తెలుపులలో ఉండడం ఆనాటి లోటు కాదు. రాత్రి చూపునకు అది సహజమైన రూపం. రంగు వేసినచోట బార్ట్లీ నీడలో దాచినది మరల బయటికి వస్తుంది. వంతెన మీది ఫోను చేసిన పని వంటిదే ఇది. ఏది కనబడవలెనన్న నిర్ణయం ఛాయాగ్రాహకుని చేతి నుండి జారిపోయినది. రంగుల ప్రతిని వినోదానికి చూడవచ్చును; నేర్చుకొనదలచినవారు మాత్రం నలుపు తెలుపు ప్రతినే ముందుంచుకొనవలెను.

మరల అఫ్జల్‌గంజ్‌కు

ఇక ఆ విద్యార్థిని వంతెన దిగి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోనికి నడవనిద్దాము. అచటి చింతచెట్టుకు ఒక కథ ఉన్నది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో ఆ చెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారని ప్రతీతి. ఈ సంగతిని అయిదు నిమిషాల చిత్రంగా తీయవలెననుకొంటే మొదట తోచేది వరద నీటిని చూపడం. అందుకు నమూనాలు కావలెను, లేదా కంప్యూటరు చిత్రాలు కావలెను, ఖర్చు కావలెను. అవి లేవని విద్యార్థి ఊరక కూర్చుంటాడు.

కాని పాండవులను చూపకుండానే వారి కథ చెప్పిన చిత్రం అతని ముందున్నది. చెట్టు క్రింద నిలిచి పైకి చూచుచున్న ఒక ముసలి ముఖం. తరువాత ఎత్తున ఒక కొమ్మ. మరల ఆ ముఖం. ఆ తరువాత వంతెన క్రింద సన్నగా పారుచున్న నేటి మూసీ. ఈ నాలుగు ముక్కలను ఏ వరుసలో అతికించవలెను, ఏ వేళ వెలుగులో తీయవలెను, ఏ ముక్క ఎంతసేపు నిలుపవలెను అని అతడు ఆలోచింప మొదలిడితే అతని చేతిలో ఉన్న ఫోనే చాలును. నీరు ఎంత ఎత్తున వచ్చినదో ఆ ముఖానికి, ఆ కొమ్మకు నడుమ ప్రేక్షకుడే కొలుచుకొంటాడు.